గోదావరి డెల్టాలో రంపపు కోత: చేతిరంపం నుంచి చైన్ సా దాకా

ద్రాక్షారామం చుట్టూ ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు, కాలువ గట్లు. అడవి లేదు. ఈ నేలలో ఇంటికి దూలం కావాలన్నా, పడవకు పలక కావాలన్నా మంచి కలప గోదావరి మీద దిగిరావలసిందే. భీమేశ్వరాలయం రాతి కట్టడమే అయినా దాని తలుపులూ రథమూ కర్రతో చేసినవే. పాపికొండలకు ఎగువన భద్రాచలం, రేకపల్లి ప్రాంతాల అడవుల్లో నరికిన టేకు, మద్ది, ఏగిస దుంగలను తెప్పలుగా కట్టి ప్రవాహంలోకి వదిలేవారు. నీట మునిగే బరువు జాతులకు వెదురు కట్టలు జతచేసి తేల్చేవారు. ఆ తెప్పలు రాజమండ్రి రేవుల్లో ఒడ్డుకు చేరేవి. అక్కడి కలప అడితులు నదిని ఆనుకునే పెరిగాయి. అడవిలో పని గొడ్డలిది, డెల్టాలో పని రంపానిది. డెల్టా రంపపు కోత చరిత్ర ఈ విభజనతోనే మొదలవుతుంది.

రంపానికి పాత పుస్తకాల్లో కనిపించే సంస్కృత పదాల్లో కరపత్రం ఒకటి. ఇప్పుడు ఆ మాటకు చేతికిచ్చే అచ్చుకాగితమనే అర్థమే మిగిలింది, పనిముట్టు అర్థం మరుగున పడింది. వాడుకలో మాత్రం రంపం నిలిచింది. తీరని బాధను రంపపు కోత అనడంలో ఆ పని ఎంత నెమ్మదిగా, ఎంత కఠినంగా సాగేదో కూడా నిలిచిపోయింది.

డెల్టాలో పెద్ద ఎత్తున కోతపని పుట్టించినవి ఓడలు. 17వ శతాబ్దంలో నరసాపురం కోరమండల్ తీరంలోకెల్లా పేరున్న ఓడల తయారీ కేంద్రం. 1669–1679 మధ్య బంగాళాఖాతపు తీరాలు తిరిగి అక్కడి సంగతులు రాసిపెట్టిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, నరసాపురానికి మంచి కలప, ఇనుము, పనితనం తెలిసిన వడ్రంగులు దండిగా అందుబాటులో ఉన్నారని గుర్తించాడు.    ఓడ పలక కోయడం ఇంటి పలక కోయడం లాంటిది కాదు. ఓడ పక్కకు వంపు తిరిగిన పలక కావాలి, చెట్టు సహజంగా వంగిన చోట నార వెంట కోస్తేనే ఆ పలకకు బలం. దుంగను చూసి అందులో ఏ పలక దాగి ఉందో చెప్పగలిగిన కోతగాడికే రేవులో గిరాకీ. తరువాతి కాలంలో ఈ పని తూర్పు పాయకు, కోరంగికి విస్తరించింది. 1802లో ఎబెనెజర్ రోబక్ అక్కడ ఓడల మరమ్మతు కోసం డాక్ కట్టించాడు. 1839 తుపాను కోరంగిని దెబ్బతీసినా తాళ్ళరేవు పరిసరాల్లో పడవల పని ఆగలేదు.

రెండో పెద్ద గిరాకీ ఆనకట్ట తెచ్చింది. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన దవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు నీళ్ళతో పాటు దారులనూ ఇచ్చాయి. అంతవరకు బండ్ల మీద బురదలో ఈడ్చవలసిన దుంగలు, పలకలు లాకులు దాటుకుంటూ ఊళ్ళోకి నీటి మీదే వచ్చాయి. వరి పండి చేతిలో డబ్బు ఆడిన రైతులు మండువా లోగిళ్ళు కట్టుకున్నారు. ఒక్కో లోగిలికి స్తంభాలు, దూలాలు, వాసాలు, అటకల పలకలు, చెక్కడపు ద్వారబంధాలు. ఇల్లు కట్టే ముందు నెలల తరబడి ఆ పెరట్లో రంపం చప్పుడు వినిపించేది.

ఆ పనికి ఇద్దరు కావాలి. దుంగను ఎత్తైన కర్రల మీదికి ఎక్కించి, లేదా గోతి మీద అడ్డంగా పరిచి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడేవారు. తడి బొగ్గుపొడిలో ముంచిన నూలుతాడును దుంగ పొడవునా బిగించి లాగి వదిలితే నల్లని గీత పడుతుంది. రంపం ఆ గీత తప్పకుండా చూసే బాధ్యత పైమనిషిది. కిందికి బలంగా లాగేవాడు కిందిమనిషి. రంపపు పొట్టంతా అతని కళ్ళలోనే రాలేది. కోత ముందుకు సాగేకొద్దీ పలకలు రంపాన్ని పట్టేయకుండా వెనక చీలలు దిగగొట్టేవారు. పళ్ళను ఒకటి అటు, ఒకటి ఇటు కొద్దిగా వంచి ఆకురాయితో పదును పెట్టుకోవడం రోజూ పొద్దుటి పని. కూలి కోసిన ముఖం వైశాల్యాన్ని బట్టి, చదరపు అడుగుల లెక్కన.

అసలు విద్య కోతకు ముందే ఉంది. దుంగను గొడ్డలి మడమతో తట్టి వినడం. గట్టిగా కంగుమంటే లోపల చేవ నిండుగా ఉన్నట్టు. మొద్దుగా పలికితే తొర్రో, పుచ్చో. చివరి కోత ముఖం మీద పగుళ్ళు నక్షత్రంలా విచ్చుకుంటే పలకలు చీలిపోతాయని లెక్క. తెరవకుండా లోపలి సంగతి చెప్పడం ఈ వృత్తికి మొదటి నుంచీ ప్రాణం. పనిముట్టు మారినా ఆ విద్య పోలేదు, వినే వస్తువు మారింది.

యంత్రపు రంపం డెల్టా మనుషులకు మొదట పరిచయమైంది సముద్రం అవతల. 19వ శతాబ్దం చివరి నుంచి కాకినాడ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలు అనేవారు. కోరంగి రేవు పేరే వారి పేరైంది. రంగూన్ రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో, టేకు కోసే ఆవిరి రంపపు మిల్లుల్లో ఎక్కువగా వారే పనిచేశారు. ఏనుగులు ఈడ్చుకొచ్చిన దుంగను ఆవిరి యంత్రం నిమిషాల్లో పలకలుగా విడదీయడం చూసినవారు వారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, 1942లో జపాన్ సేనల రాక ఆ వలసను ముగించాయి. వెనక్కి వచ్చినవారిలో ఎందరో దారిలోనే చనిపోయారు. ఇల్లు చేరినవారు మిల్లుపని తెలిసిన చేతులతో చేరారు. డెల్టా యంత్ర చరిత్ర రాసేటప్పుడు ఈ మనుషులను వదిలేయడం అన్యాయం.

ఈ గట్టున బియ్యపు మిల్లులు ఆయిల్ ఇంజన్లను తెచ్చాయి. ఒకే సిలిండరు, పెద్ద చక్రం, నిమిషానికి కొన్ని వందల చుట్లు మాత్రమే తిరిగే ఇంజన్లవి. పైన పొడవైన ఇరుసు, దాని నుంచి బెల్టులు. బియ్యపు మిల్లుకు పనికొచ్చిన ఇంజనే సామిల్లుకూ పనికొచ్చింది. వృత్తాకార రంపం, తరువాత పట్టీ రంపం వచ్చాక చేతిరంపం జంటలు పట్టణాల్లో కనుమరుగయ్యాయి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలయ్యాక మిల్లులు క్రమంగా మోటార్లకు మారాయి. అయితే ఆయిల్ ఇంజను నేర్పిన పాఠం మెకానిక్కుల్లో ఉండిపోయింది. ఇంజను లోపల అరిగితే బోరు కొట్టించి, కొత్త స్లీవు దించి, పెద్ద సైజు రింగులు వేసి మళ్ళీ పదేళ్ళు నడపవచ్చు. ఇనుప సిలిండరు అందుకు ఒప్పుకునేది. ఈ నమ్మకం తరువాతి తరం యంత్రం దగ్గర చాలామందిని నష్టపరిచింది.

ఆ యంత్రం చైన్ సా. పళ్ళున్న గొలుసుతో కోయడమనే ఊహ 18వ శతాబ్దం చివర స్కాట్లండ్ వైద్యులు జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రేలకు ఎముక కోయడానికి తట్టింది. చెట్లు కోసే తొలి గొలుసు రంపాల్లో పేరున్నవి జర్మనీలో వచ్చాయి. 1926లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే రంపం చేశాడు. 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని థురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి ఆ కొండ పేరే కంపెనీకి పెట్టాడు. అవి ఇద్దరు మోసే బరువులు. 1950లో ఒక్కరు పట్టుకోగల స్టిల్ రంపం వచ్చింది. అంతకుముందే, 1947లో, అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ కర్రను తొలిచే పురుగు దవడలను గమనించి కొత్త పన్ను చెక్కాడు. ఇప్పటికీ గొలుసు పళ్ళకు ఆ ఆకారమే ఆధారం.

డెల్టాలో ఈ మిషను అవసరాన్ని రెండు సంఘటనలు ఒకే కాలంలో పెంచాయి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. పడిన చెట్టు చేలోనే కుళ్ళితే ఎర్రముక్కు పురుగు, కొమ్ము పురుగు చేరి నిలిచిన చెట్లనూ తింటాయి కాబట్టి ముక్కలు చేసి తొలగించక తప్పదు. ఆ పనికి గొడ్డలి, చేతిరంపం ఏ మాత్రం సరిపోతాయి? అదే ఏడాది డిసెంబరు 12న సుప్రీంకోర్టు టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు అనుమతి లేకుండా అడవుల్లో నడిచే సామిల్లులను ఆపింది. 2002 అక్టోబరు ఉత్తర్వు లైసెన్సు లేని మిల్లులన్నిటినీ మూయమంది, కొత్త లైసెన్సులకు కేంద్ర సాధికార కమిటీ అనుమతి తప్పనిసరి చేసింది. మిల్లులు పెరగడం ఆగింది. చెట్టున్న చోటికే వెళ్ళి కోసే మిషనుకు దారి తెరుచుకుంది. అదే 2002లో రాష్ట్రంలో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్టు నరకడానికి అనుమతి ఉండాలంది. కోసే మిషను చేతిలో ఉండటం వేరు, కోసే హక్కు ఉండటం వేరు.

తీరం వెంట సరుగుడు తోటలు రాజమండ్రి కాగితపు మిల్లుకు, వంటచెరకుకు, సెంట్రింగు పనికి కోతకు వస్తాయి. రోడ్ల పక్క నిద్రగన్నేరు, ముసలి మామిడి, కాపు తగ్గిన కొబ్బరి కూడా ఉన్నాయి. ఈ కోతల మీద బతికే చిన్న ముఠాకు పేరున్న కంపెనీ కొత్త మిషను భారం. అందుకే వాడిన మిషను చేతులు మారుతుంది. దాన్ని చూసి చెప్పేవాడు చాలాచోట్ల చేలకు మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు బాగుచేసే మెకానిక్కు. అంతకుముందు అతనో, అతని గురువో లూనా, చేతక్, రాజ్‌దూత్, ఆర్ఎక్స్ 100 బాగుచేసినవాడు. అవన్నీ టూ స్ట్రోక్ బళ్ళు. కాలుష్య నిబంధనలు ఆ బళ్ళను రోడ్డు మీంచి తప్పించాయి గాని, వాటి మీద తయారైన చెవి స్ప్రేయరుకూ చెట్లు కోసే మిషనుకూ అక్కరకొచ్చింది.

చైన్ సా ఇంజను 50–60 సిసి, పూర్తి వేగంలో నిమిషానికి 12 వేల చుట్లు దాటుతుంది. దీనికి విడిగా ఆయిల్ గది లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌నూ బేరింగులనూ కాపాడాలి. తయారీదారు చెప్పినదాన్ని బట్టి లీటరుకు 20 నుంచి 40 మిల్లీలీటర్లు. డెల్టాలో ఈ ఇంజన్లు అరిగే దారులు మూడు. ఒకటి ఇసుక: తీరపు సరుగుడు బెరడులో ఇసుక ఉంటుంది, కొబ్బరి మాను పొట్టు పీచుతో ఫిల్టరును మూసేస్తుంది, చిరిగిన ఫిల్టరు గుండా ధూళి నేరుగా లోపలికి పోతుంది. రెండోది ఆయిల్ లేమి. తొందరలో బండి ట్యాంకులోంచి తీసిన ఉత్త పెట్రోలు పోసి నడిపితే ఇంజను కొద్ది నిమిషాల్లోనే సీజ్ కావచ్చు. మూడోది గాలి, నీరు. ఉప్పుగాలిలో సీజను సీజనుకూ మధ్య మూలన పడి ఉన్న మిషనులో బేరింగులు తుప్పు పడతాయి. ఇటీవల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి నిలిస్తే తేమ పీల్చుకుంటుంది, కార్బొరేటరు పొరలు గట్టిపడతాయి.

అరుగుదలను కనిపెట్టే పద్ధతుల్లో అందరూ మొదట చేసేది తాడు పరీక్ష. స్విచ్చి ఆపి, స్టార్టరు తాడు పిడి పట్టుకుని మిషనును వేలాడదీస్తారు. కంప్రెషన్ ఉన్న మిషను ఆగి ఆగి, మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. ఒకే జారుడున దిగిపోతే రింగులో, సిలిండరో అరిగినట్టు. కొన్ని మిషన్లకు ఒత్తిడి తగ్గించే చిన్న మీట ఉంటుంది. అది నొక్కి ఉంటే మంచి ఇంజను కూడా జారుతుంది కాబట్టి ముందు దాన్ని చూడాలి. చేతి అంచనాను గేజీతో సరిచూసుకుంటే మేలు. ప్లగ్గు విప్పి, గేజీ బిగించి, యాక్సిలేటరు పూర్తిగా నొక్కి ముల్లు ఆగేదాకా ఆరేడు సార్లు లాగాలి. చదరపు అంగుళానికి 150 పౌండ్ల దరిదాపుల్లో ఉంటే ఆరోగ్యం. వందకు దిగువన ఉంటే కోతలో బలం ఉండదు. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిల్ వేసి మళ్ళీ లాగినప్పుడు అంకె బాగా పెరిగితే జబ్బు రింగుల దగ్గరుంది. అమ్మేవాడు ముందే ఆయిల్ పోసి అంకెను పెంచి చూపించే మోసమూ ఇదే కిటుకు మీద నడుస్తుంది. ప్లగ్గు తీయగానే తడిగా, కొత్త ఆయిల్ వాసనతో ఉంటే ఆ అంకెను నమ్మకూడదు.

ప్లగ్గు రంగు కూడా ఒక సాక్ష్యం. ఇటుక గోధుమ రంగు మంచిది. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోంది. నల్లగా, తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ పడిందో, ఫిల్టరు మూసుకుపోయిందో. ప్లగ్గు కొన మీద సన్నని వెండి చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ కరిగిన తునకలు.

అసలు నిర్ధారణ సైలెన్సర్ విప్పాకే. నాలుగు నిమిషాల పని, కాని కొనేవాళ్ళలో ఎక్కువమంది దీన్ని అడగడానికి మొహమాటపడతారు. సైలెన్సర్ తీసిన రంధ్రంలోంచి టార్చి వెలుగులో పిస్టన్ పక్క, రింగు కనిపిస్తాయి. కొత్త పిస్టన్ మీద తయారీలో పడిన సన్నని అడ్డగీతలుంటాయి. అవి ఇంకా కనిపిస్తుంటే మిషను పెద్దగా తిరగలేదు. నిలువు గీతలు లోతుగా ఉంటే అవి ఎటువైపు ఉన్నాయన్నదే రోగం పేరు చెబుతుంది. పొగ బయటికి పోయే వైపు మాత్రమే చెక్కుకుపోతే ఇంజను గాలి లాగి, పలుచటి మిశ్రమంతో వేడెక్కింది. కార్బొరేటరు వైపు మసకగా, ఇసుక కాగితం రుద్దినట్టు అరిగితే ఫిల్టరు దాటి ధూళి వెళ్ళింది. తీరపు తోటల్లో తిరిగిన మిషన్లలో ముందు అనుమానించవలసింది దీన్నే. చుట్టూ అన్ని వైపులా గీసుకుపోతే ఆయిల్ కలపకుండా నడిపారు. మొదటి రోగానికి కారణమైన లీకు మూయకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ కాలుతుంది. అందుకే గీతల దిక్కు తెలుసుకోకుండా పిస్టన్ కిట్టు మార్చడం డబ్బు దండగ.

ఆ లీకును చెవి పట్టుకుంటుంది. మిషను స్టార్ట్ చేసి యాక్సిలేటరు వదిలాక వేగం వెంటనే దిగాలి. దిగకుండా కాసేపు పైనే వేలాడినా, మిషనును పక్కకు వంచినప్పుడు స్వరం మారినా క్రాంకు సీళ్ళు గాలి లాగుతున్నట్టు అనుమానించాలి. పాత చేతక్ మెకానిక్కు దీన్ని మిషను విప్పకుండానే చెప్పేస్తాడు. తరువాత ఇంజను ఆపి, ఫ్లైవీలును పట్టుకుని పైకీ కిందికీ కదపాలి. ఇరుసు వెంట లోపలికీ బయటికీ కొద్దిపాటి కదలిక కొన్ని మిషన్లలో సహజం. పైకీ కిందికీ ఏ మాత్రం ఊగినా మెయిన్ బేరింగు పోయింది. ఆ మరమ్మతుకు ఇంజనును రెండుగా విప్పాలి, ఖర్చు మిషను ధరను మించవచ్చు. చివరగా పది నిమిషాలు కోయించి, ఆపి, అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ లాగాలి. చల్లగా ఉన్నప్పుడు మొదటి లాగుకే అందుకునే అరిగిన ఇంజను, వేడిలో లోహం వ్యాకోచించి, ఆయిల్ పొర పలచబడి మొండికేస్తుంది. బేరానికి వచ్చినవాడు, ముందే వేడి చేసి ఉంచిన మిషనును కాదు, చల్లటి మిషనును చూపించమనాలి. రెండు స్థితుల్లోనూ చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

బారు, చైను, స్ప్రాకెట్ మార్చుకోగలిగినవి. వాటి అరుగుదల ధర తగ్గించడానికి పనికొస్తుందే గాని మిషనును తిరస్కరించడానికి కాదు. అయినా స్ప్రాకెట్‌లో గొలుసు తవ్విన గాడి లోతు మిషను కనీసం ఎంతకాలం పనిచేసిందో చెబుతుంది. అమ్మేవాడు రెండు నెలల వాడకమన్నప్పుడు గాడి అగ్గిపుల్ల మందం ఉంటే ఆ మాట చెల్లదు.

ఆయిల్ ఇంజను కాలపు నమ్మకం దెబ్బతినేది సిలిండరు దగ్గర. చైన్ సా సిలిండరు అల్యూమినియం. దాని లోపలి గోడ మీద క్రోమియం లేదా నికెల్ మిశ్రమపు పూత చాలా పల్చగా ఉంటుంది. దాన్ని బోరు కొట్టించడం కుదరదు, కొట్టిస్తే పూత పోయి మెత్తటి అల్యూమినియం మిగులుతుంది. పూత మీద అంటుకున్నది పిస్టన్ లోహమే అయితే జాగ్రత్తగా శుభ్రం చేసి కొత్త పిస్టన్‌తో నడపవచ్చు. రంధ్రాల అంచుల దగ్గర పూత రేకులుగా లేచి, వేలి గోరుకు మెట్టులా తగిలితే ఆ సిలిండరు పని అయిపోయింది. అటువంటి మిషను ఎంత చవకగా వచ్చినా విడిభాగాల కోసం తప్ప కొనకూడదు.